మిస్త్రీ పెట్టె: కొనడం, వయసు కనుక్కోవడం, బాగుచేయడం

(నల్లగొండలో ఈ వానకాలం ఒక ఆదివారం సాయంత్రం లేత్ షాపులవాళ్లు, వడ్రంగులు, ఐటీఐ విద్యార్థులు కూడినచోట ఒక రిటైర్డ్ ఫిట్టర్ ఇన్‌స్ట్రక్టర్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? ఆ పక్క ఫ్యాన్ ఒక్కటి ఆపండి బాబూ, మైకులో గాలి చప్పుడే వస్తోంది. ఆ, ఇప్పుడు బాగుంది.

బల్ల మీద ఈ పెట్టెను చూస్తున్నారు కదా. లోపలికి వస్తుంటే ఇద్దరు ముగ్గురు అడిగారు, "సార్, ఇది హార్మోనియమా" అని. కాదు. ఇది లేత్ మీద, బెంచీ మీద పనిచేసే మిస్త్రీ తన కొలత సామాను దాచుకునే పెట్టె. మైక్రోమీటర్, వెర్నియర్, డయల్ గేజ్, వీ బ్లాకులు, ఫీలర్ గేజ్, స్క్రైబర్, ఇలాంటివన్నీ దీంట్లో ఉంటాయి. సుత్తులు, పానాలు ఇందులో వేయరు. వాటికి ఇనుప డబ్బా వేరే ఉంటుంది.

ఇది ఎలా తెరుచుకుంటుందో చూడండి. తాళం తీశాను. మూత ఎత్తాను. మూత కింద ఒక లోతు లేని అర ఉంది. ఇప్పుడు ఈ ముందు పలక వదులైంది. కొంచెం పైకి లేపి, బయటికి తీసి, ఇదిగో, అన్నిటికంటే కింది సొరుగు అడుగున ఉన్న ఈ సందులోకి తోశాను. పలక మాయమైంది. ఏడు సొరుగులు బయటపడ్డాయి. సాయంత్రం పని అయ్యాక పలక పెట్టి మూత వేస్తే ఏడు సొరుగులకూ కలిపి ఒక్కటే తాళం. ఎవరు ఆలోచించారో గానీ, ఎంత తెలివైన పని!

ఈ రకం పెట్టెలు అమెరికాలో, ఇంగ్లండ్‌లో బాగా వాడుకలో ఉండేవి. అక్కడ మెషినిస్టు తన కొలత సామాను తానే కొనుక్కుని పనికి పోయేవాడు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం డేటన్ అనే ఊళ్లో గెర్స్ట్‌నర్ అనే కంపెనీ 1906లో మొదలైంది. ఇప్పటికీ ఇవే పెట్టెలు చేస్తోంది. ఓక్ చెక్క, నికెల్ పూత పూసిన మూలలు, సొరుగుల్లో ఆకుపచ్చ ఫెల్ట్ గుడ్డ. మధ్యలో ఒక సొరుగు మిగతావాటికంటే ఎత్తుగా ఉంటుంది. అది దేనికి? పుస్తకానికి. మెషినరీస్ హ్యాండ్‌బుక్ అని పొట్టిగా, లావుగా ఒక పుస్తకం ఉంటుంది. 1914లో మొదటిసారి అచ్చయింది. మరల లెక్కలు, గేర్ల లెక్కలు అన్నీ అందులో ఉంటాయి. దాని కొలతకు సరిపోయేలా ఆ సొరుగు చేసేవాళ్లు.

ఇంత జాగ్రత్త ఎందుకు? ఎందుకంటే ఆ పనిలో కొలత వెయ్యో వంతు అంగుళం. మైక్రోమీటర్ ఒక్కసారి ఇంకో ఇనుము మీద పడిందంటే దాని మాట ఇక నమ్మలేం. ఫిట్టర్ పిల్లలకు ఈ మాట ముప్పై ఏళ్లు చెప్పాను, ఇప్పుడూ చెప్తున్నాను.

మరి మన దగ్గర ఇవి ఎందుకు కనబడవు? మన వర్క్‌షాపుల పద్ధతి వేరు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు 1893 నాటిది. సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ అనే పనిముట్ల కంపెనీ 1943లో వచ్చింది. ఇలాంటి పెద్ద షాపుల్లో టూల్ రూమ్ ఉంటుంది. కార్మికుడు తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి మైక్రోమీటర్ తీసుకుంటాడు, సాయంత్రం తిరిగిచ్చి బిళ్ల తీసుకుంటాడు. సామాను కంపెనీది. సొంత పెట్టె అవసరం లేదు. అందుకే మన జిల్లాలో ఇలాంటి పెట్టె ఒకటి కనబడిందంటే, దాని వెనక తన సామాను తానే కొనుక్కున్న మనిషి ఎవరో ఉన్నారని అర్థం. నాకు ఇవి ఇష్టం కావడానికి కారణం అదే.

ఈ పెట్టె గురించి చెప్పేముందు నేను పాడుచేసిన పెట్టె గురించి చెప్పాలి. చెప్పకపోతే ఈ మాటలు చెప్పే హక్కు నాకు ఉండదు.

ఎర్రగడ్డ ఆదివారం సంత మీకు తెలుసు. చాలా ఏళ్ల కింద అక్కడ ఒక ఓక్ పెట్టె దొరికింది. అసలైన అమెరికా పెట్టె. నల్లగా, జిడ్డుగా ఉంది. ఇంటికి తెచ్చి, ఉత్సాహం కొద్దీ, గరుకు కాగితం పెట్టి మొత్తం రుద్దేశాను. పాత పాలిష్ పోయింది, నలుపు పోయింది, కొత్త చెక్కలా తెల్లగా తేలింది. మూత లోపలి వైపు పెన్సిల్‌తో ఏవో గీతలుంటే అవీ రుద్దేశాను. సగం రుద్దాక ఆగి చూశాను. అవి గీతలు కావు, అంకెలు. ఎవరో తన సామాను జాబితా రాసుకున్నాడు. ఏది ఎప్పుడు కొన్నాడో, ఎంతకు కొన్నాడో వరుసగా రాసుకున్నాడు. కింద సంతకం. అప్పటికి సగం సంతకం మిగిలింది. ఆ మనిషి ఎవరో తెలుసుకునే దారి ఉన్నది అదొక్కటే, దాన్ని నా చేత్తో చెరిపేశాను. ఆ పెట్టె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, మెరుస్తూ ఉంటుంది. దాన్ని చూసినప్పుడల్లా కడుపులో మెలిపెట్టినట్టు ఉంటుంది.

అప్పటి నుంచి నాది ఒకటే లెక్క. ముందు చదవాలి, తర్వాతే ముట్టాలి. ముట్టినా, రేపు ఇంకొకరు విప్పుకోగలిగేలా చేయాలి.

సరే, ఈ పెట్టె దగ్గరికి వద్దాం. ఇది మిర్యాలగూడలో దొరికింది. మిర్యాలగూడ అంటే రైస్ మిల్లులు. మిల్లులుంటే లేత్ షాపులుంటాయి, షాఫ్టులు, బేరింగులు, పుల్లీలు, ఏడాది పొడవునా పనే. అక్కడ ఒక లేత్ షాపు మూసేస్తూ సామాను అమ్ముతున్నారని తెలిసి పోయాను. అమ్మేది మనవడు. తాత పెట్టె ఇది. అతను చెప్పింది, "సార్, ఇది ఇంగ్లండ్ పెట్టె, వందేళ్లనాటిది, కావాలంటే చూసుకోండి" అని.

నేను చూసుకున్నాను. మీరు కూడా కొనేటప్పుడు బేరం కంటే ముందు ఇది చూడండి. మొదట ముందు పలక ఉందా? చాలా పెట్టెల్లో అదే పోతుంది. తీసి ఎక్కడో పెడతారు, మర్చిపోతారు. పలక లేని పెట్టె తలుపు లేని ఇల్లే. దాన్ని మళ్లీ చేయించుకోవచ్చు గానీ, చెక్క రంగు కలవదు, తాళం అమరదు. ధర సగానికి సగం తగ్గించి అడగండి. రెండు, పెట్టెను పక్కకు ఒరిగించి అడుగు చూడండి. చెదలు పట్టేది అడుగునుంచే. వేలి కణుపుతో కొట్టండి. గట్టి చెక్క టకటకమంటుంది, తిన్న చెక్క డొల్లగా పలుకుతుంది. సన్నని రంధ్రాలుండి, కింద పిండిలాంటి పొడి తాజాగా రాలుతుంటే పుచ్చు పురుగు ఇంకా లోపలే ఉందన్నమాట. అలాంటి పెట్టెను తిన్నగా ఇంట్లోకి తెస్తే మీ తలుపులు, మంచాలు కూడా పోతాయి. మూడు, ప్రతి సొరుగూ పూర్తిగా బయటికి లాగండి. అమ్మేవాళ్లకు కోపం వచ్చినా సరే లాగండి. సొరుగు ముందు భాగం అందరికీ చూపించడానికి చేసింది, వెనక భాగం వడ్రంగి తనకోసం చేసుకున్నది. నిజం వెనకాలే ఉంటుంది.

తాళంచెవి లేదు. లేదని స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించొద్దు. తాళం ఊడదీసి పట్టుకుపోతే మన క్లాక్ టవర్ సెంటర్‌లో చెవి చేసిచ్చేవాళ్లున్నారు. ఈ తాళానికి అలాగే చేయించాను.

4,500 రూపాయలకు బేరం కుదిరింది. అందులో తాత వదిలేసిన చిన్న చిన్న సామాను కూడా ఉంది. ఒక మర గేజీ, అంటే మర పళ్లు సరిచూసుకునే కొలత పలక, రెండు పంచులు, విరిగిన స్క్రైబర్.

ఇక అసలు విషయం. దీని వయసెంత?

మనవడు వందేళ్లన్నాడు. ఎందుకన్నాడు? చెక్క చూసి. నిజమే, చెక్క చాలా పాతది, టేకు, ముదురు చేవ. ఇంగ్లండ్ అని ఎందుకన్నాడు? ఆ మర గేజీ మీద మేడ్ ఇన్ ఇంగ్లండ్ అని ఉంది. ఆలోచించండి, గేజీ ఇంగ్లండ్‌ది అయితే పెట్టె ఇంగ్లండ్‌ది కావాలా? మన ఇంట్లో గడియారం జపాన్‌ది అయితే గోడ జపాన్‌ది అవుతుందా? సామాను ఒక దారిలో వస్తుంది, పెట్టె ఇంకో దారిలో వస్తుంది. రెండూ విడివిడిగా చదవాలి.

నేను మొదట చూసేది మరలు. ఈ పెట్టెలో దాదాపు అన్నీ ఇత్తడి మరలు, తలమీద ఒకే గాడి. ఈ ఎడమ బందుకు మాత్రం రెండు స్టార్ స్క్రూలున్నాయి. స్టార్ స్క్రూకు ఫిలిప్స్ అనే ఆయన అమెరికాలో పేటెంట్ తీసుకున్నది 1936లో. కాబట్టి స్టార్ స్క్రూ అంతకుముందు ఉండదు. అయితే ఇక్కడ జాగ్రత్త. ఈ రెండూ మొదటినుంచి ఉన్నవా, తర్వాత ఎవరైనా వేశారా? విప్పి చూశాను. లోపల రంధ్రం పెద్దగా ఉంది, అగ్గిపుల్ల ముక్క కొట్టి బిగించారు. అంటే పాత మర వదులై పడిపోతే తర్వాత వేసినవి. ఈ రెండు స్క్రూలు బాగుచేసిన కాలాన్ని చెప్తాయి గానీ పుట్టిన కాలాన్ని చెప్పవు.

తర్వాత లోహపు పూత. విదేశీ పెట్టె అయితే ఇది బాగా పనికొస్తుంది. నికెల్ పూత కొంచెం పసుపు ఛాయలో, వెచ్చగా కనబడుతుంది. క్రోమ్ నీలి ఛాయలో, చల్లగా మెరుస్తుంది. క్రోమ్ పూత వ్యాపారానికి వచ్చింది 1920ల మధ్యలో. అప్పటి నుంచే హార్డ్‌బోర్డు కూడా. మాసొనైట్ అంటారే, అది 1924లో కనిపెట్టారు. సొరుగు అడుగుకు హార్డ్‌బోర్డు ఉంటే అంతకంటే పాతది కాదు. ఈ పెట్టెలో పూత లేదు, ఉత్త ఇత్తడి. హార్డ్‌బోర్డు లేదు, పలుచటి టేకు పలకలే.

తర్వాత అతుకులు. ఈ సొరుగు మూల చూడండి, ముందున్నవాళ్లు చూసి వెనక్కి పంపించండి. డవ్‌టైల్ జాయింట్, అంటే పావురం తోకలాంటి పళ్లు కోసి ఒకదాంట్లో ఒకటి దిగేసే అతుకు. ఒక తోక వెడల్పుగా, పక్కది సన్నగా ఉంది కదా? ఉలి దాటిపోయిన గీత కూడా ఉంది. మిషన్ కోస్తే అన్నీ ఒకే కొలతలో ఉంటాయి. ఇది చేత్తో కోసింది. కంపెనీలో తయారైన ఇంగ్లండ్ పెట్టె అన్న మాట ఇక్కడే సగం పడిపోయింది.

మిగతా సగం ఇక్కడ పడింది. సొరుగును తిరగేస్తున్నాను. వెనక పలక మీద పెన్సిల్ గుర్తు. దగ్గరికి వచ్చి చూడండి. ఇది ఉర్దూ అంకె. మూడు. ఏడు సొరుగుల వెనకా ఒకటి నుంచి ఏడు దాకా ఉర్దూ అంకెలే. ఏ సొరుగు ఏ గూట్లో పోవాలో తెలియడానికి వడ్రంగి వేసుకున్న గుర్తులు. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ ఊరి వడ్రంగి ఉర్దూ అంకెలు వేస్తాడా? ఇక్కడి మనిషి. 1948 దాకా మన దగ్గర దఫ్తరు ఉర్దూ, బడి ఉర్దూ. మా నాయన కూడా చివరిదాకా లెక్క ఉర్దూ అంకెల్లోనే రాసేవారు, తెలుగు మనిషే. కాబట్టి ఈ పని చేసిన చెయ్యి నిజాం కాలంలో అంకెలు నేర్చుకున్న చెయ్యి. అయితే అది చెయ్యి వయసు, పెట్టె వయసు కాదు. నేర్చుకున్నది ఎప్పుడైనా, చేసింది తర్వాత ముప్పై ఏళ్లకైనా కావచ్చు.

ఇప్పుడు సొరుగులన్నీ తీశాక గూడు లోపల చూడాలి. టార్చ్ వేసి చూడండి. సొరుగు నిండితే పైనున్నవి వెనక పడిపోతాయి, పడ్డవి అక్కడే ఉండిపోతాయి. నాకు అక్కడ ఒక నయా పైసా దొరికింది. ఇదిగో, 1961 అని ఉంది. మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. నయా అన్న మాట 1964లో తీసేశారు. కాబట్టి ఈ నాణెం ఏం చెప్తుంది? 1961లోనో, ఆ తర్వాతనో ఈ పెట్టె వాడుకలో ఉందని చెప్తుంది. అంతే. అప్పుడే చేశారని చెప్పదు. ఇలాగే సొరుగు అడుగున వార్తాపత్రిక పరిస్తే దాని మీద తేదీ చూసి సంబరపడిపోతారు. ఈనాడు 1974లో మొదలైంది. ఈనాడు కాగితం పరిచి ఉంటే ఆ కాగితం 1974 తర్వాత పరిచారన్నమాట, పెట్టె అంతకు ముందే ఉండి ఉండవచ్చు. కాగితం కింద ఇంకో కాగితం ఉంటుంది. మెల్లగా ఎత్తి చూడండి, చింపకండి.

జిగురు కూడా చెప్తుంది. ఈ పెట్టె అతుకుల్లో ఉన్నది సరేసు. జంతువుల తోలు, ఎముకల నుంచి తీసే జిగురు. అంబర్ రంగులో, గాజులా పెళుసుగా ఉంటుంది. తెల్లగా, రబ్బరులా పేరుకుంటే అది ఫెవికాల్ రకం. ఫెవికాల్ వచ్చింది 1959లో. నాలుగో సొరుగులో ఒకచోట తెల్ల జిగురు ఉంది. అదీ తర్వాత చేసిన బాగే.

ఆ మర గేజీ కూడా చూద్దాం. అది విట్‌వర్త్ అనే ఇంగ్లండ్ పద్ధతి గేజీ, అంటే మర పళ్ల కోణం 55 డిగ్రీలు, అంగుళం లెక్క. మెట్రిక్ మర 60 డిగ్రీలు. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది, 1958 నుంచి విడతలుగా అమలైంది. అయితే పాత లేత్‌లు అంగుళాల మీదే ఉన్నాయి కాబట్టి వర్క్‌షాపుల్లో అంగుళం చాలా కాలం బతికింది. దీన్ని సాక్ష్యంగా పట్టుకోవచ్చు గానీ, ఒక్కదాని మీదే తీర్పు చెప్పకూడదు.

ఇవన్నీ కలిపి నేను ఒక అంచనాకు వచ్చాను. ఇక్కడే చేసిన పెట్టె, యాభైల చివర, అరవైల మొదట. కానీ ఒక్కటి కుదరలేదు. చెక్క. చెక్క అంత పాతగా ఎందుకుంది? పెట్టె వెనక పలక లోపలివైపు, ఇక్కడ, ఒక నలుచదరపు గాడి ఉంది. దాన్ని ఇంకో ముక్కతో పూడ్చారు. పెట్టెకు ఆ గాడితో పనే లేదు. ఎందుకుంది?

దీనికి జవాబు నాకు పెట్టెలో దొరకలేదు. మళ్లీ మిర్యాలగూడ పోయాను. మనవడిని అడిగితే తెలియదన్నాడు. లోపల మంచం మీద వాళ్ల నాయనమ్మ ఉన్నారు, తాత భార్య. ఎనభై దాటిన మనిషి. "అవ్వా, ఈ పెట్టె ఇంగ్లండ్ నుంచి వచ్చిందట కదా" అన్నాను. ఆమె నవ్వింది. "ఇంగ్లండేంది కొడుకా! మా వాకిట్ల యాపచెట్టు కింద వడ్లాయన కూసొని చేసిండు. పదిహేను దినాలు చేసిండు, రెండు పూటల బువ్వ నేనే పెట్టిన" అన్నది.

ఆమె చెప్పిందాన్ని బట్టి తాత అప్పుడు నాగార్జునసాగర్ ప్రాజెక్టు పనిలో ఫిట్టర్. సాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్లు వదిలారు. ఆ పన్నెండేళ్లలో ఎక్కడెక్కడి ఇంజినీర్లో అక్కడికి వచ్చారు. ఒక ఇంజినీరు దగ్గర ఇలాంటి పెట్టె ఉందట. తాత దాన్ని చూసి చూసి, కాగితం మీద కొలతలు రాసుకుని, సెలవు మీద ఇంటికి వచ్చి చేయించుకున్నాడు. మరి చెక్క ఎక్కడిదవ్వా అంటే, "మా తల్లిగారిల్లు కూలగొట్టినప్పుడు దూలం మిగిలింది, దాన్నే కోపిచ్చిండు" అన్నది.

అర్థమైందా? ఆ గాడి దూలానికి వాసం దిగ్గొట్టిన గాడి. చెక్క వందేళ్లది, మనవడు చెప్పింది అబద్ధం కాదు. పెట్టె అరవై ఏళ్లది. నేను భూతద్దం పెట్టుకుని వారం రోజులు చూసింది ఆమె రెండు మాటల్లో చెప్పింది. మీరు ఎక్కడ పాత సామాను కొన్నా, ఆ ఇంట్లో పెద్ద ఆడవాళ్లుంటే వాళ్లను అడగండి. సామాను మగవాళ్లది కావచ్చు, ఏది ఎప్పుడు ఇంటికొచ్చిందో గుర్తుండేది వాళ్లకే. ఆమె చెప్పింది ఫోన్లో రికార్డు చేసి, రాసి, ఇదిగో ఈ కవరులో మూత అరలో పెట్టాను. పెట్టె ఎవరి చేతికి పోయినా ఈ కవరు దాంతో పోవాలి.

ఇప్పుడు బాగుచేయడం. దీంట్లో వడ్రంగి అన్నలకు నాకంటే ఎక్కువ తెలుసు, తప్పు చెప్తే దిద్దండి.

మొదట సొరుగులకు నంబర్లున్నాయా చూసుకుని తీయండి. చేత్తో చేసిన పెట్టెలో ఒక సొరుగు ఇంకో గూట్లో పట్టదు. మరలు విప్పేటప్పుడు గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరే వాడండి. చిన్నది పెడితే గాడి అంచు చెడుతుంది, చెడిన ఇత్తడి మర మళ్లీ దొరకదు. రాకపోతే సోల్డరింగ్ ఐరన్ మర తల మీద కాసేపు ఆనించండి. వేడికి మర సాగి, చల్లారాక పట్టు వదులుతుంది. విప్పిన మరలను ఒక అట్టముక్క మీద పెట్టె బొమ్మ గీసి, ఏది ఎక్కడిదో అక్కడే గుచ్చండి.

జిడ్డు తీయడానికి నీళ్లు వద్దు, సబ్బు అసలే వద్దు. మెత్తటి నూలు గుడ్డకు టర్పెంటైన్ అద్ది తుడవండి. అరవై ఏళ్ల నూనె నల్లగా గుడ్డకు వస్తుంది, కింది పాలిష్ మాత్రం కదలదు. తర్వాత ఆ పాలిష్ ఏదో కనుక్కోవాలి. కనబడని మూల చూసుకుని దూదితో ఒక్క చుక్క స్పిరిట్ పెట్టండి. మెత్తబడి అంటుకుంటే అది చపడా, అంటే లక్క. స్పిరిట్‌కు కరగక థిన్నర్‌కు కరిగితే ల్యాకర్. రెండింటికీ కరగకపోతే వార్నిష్.

ఇక్కడ ఉన్నది చపడా. చపడాలో ఉన్న గొప్పతనం ఏమిటంటే, కొత్త పూత పాత పూతను కొంచెం కరిగించి దాంట్లో కలిసిపోతుంది. గీకాల్సిన పనిలేదు. లీటరు స్పిరిట్‌కు 150 గ్రాముల చపడా వేసి, ఒక రాత్రి నానబెట్టి, పలుచటి గుడ్డలో వడగట్టాను. గుడ్డ ఉండతో పలుచగా మూడు పూతలు. అంతే. చెయ్యి ఆనీ ఆనీ నల్లబడ్డ ఈ అంచు చూడండి, ఇక్కడ కూడా దాని మీదే పూశాను. ఈ నలుపు తాత బొటనవేలిది. దాన్ని తీయడం నా పని కాదు.

ఎవరో చెయ్యెత్తారు. అడగండి అన్నా. ఆ, మంచి ప్రశ్న. గీకేసి మెలమైన్ పాలిష్ కొడితే అద్దంలా మెరుస్తుంది కదా, నీళ్లు పడినా ఏమీ కాదు కదా అంటున్నారు. నిజమే. మీరు కొత్త తలుపుకు కొట్టండి, బాగుంటుంది. పాత పెట్టెకు ఎందుకు వద్దంటానంటే, అది ఒకసారి గట్టిపడ్డాక దేనికీ కరగదు. తీయాలంటే మళ్లీ గీకాలి, గీకినప్పుడల్లా చెక్క కూడా కొంత పోతుంది. చపడా అయితే వందేళ్ల తర్వాత కూడా ఒక గుడ్డ, కొంచెం స్పిరిట్‌తో తీసేయవచ్చు. నేను చేసింది తప్పని రేపు ఎవరికైనా అనిపిస్తే, దాన్ని దిద్దుకునే దారి వాళ్లకు ఉండాలి కదా?

ఇత్తడి గురించి ఒక మాట. మనకు చింతపండు పెట్టి తోమడం అలవాటు. బిందెకు సరే, ఇక్కడ వద్దు. పులుపు గాడుల్లో, చెక్క సందుల్లో ఉండిపోయి తర్వాత పచ్చగా చిలుము కక్కుతుంది. మెత్తటి గుడ్డ, ఒక చుక్క మెషిన్ ఆయిల్ చాలు. నికెల్ పూత అయితే ఇంకా జాగ్రత్త, గట్టిగా రుద్దితే పూత పోయి కింది లోహం బయటపడుతుంది.

ఓక్ పెట్టె దొరికినవాళ్లకు ఇంకొకటి. ఓక్‌లో ఒగరు, అంటే టానిన్, ఎక్కువ. ఇనుము, తడి తగిలితే నల్లటి మరకలు పడతాయి. అందుకే ఓక్ మీద స్టీల్ ఉన్ని వాడొద్దు, దాని తునకలు చెక్కలో ఇరుక్కుని తర్వాత నల్లబడతాయి. పడ్డ మరకకు ఆక్సాలిక్ ఆమ్లం పనిచేస్తుంది. అది విషం, గ్లవుజులు వేసుకుని చేయండి, పిల్లలకు అందనీయకండి. ఓక్ చెక్క నుంచి పుల్లటి ఆవిరి కూడా వస్తుంది, మూసి ఉంచితే ఇనుప సామానుకు తుప్పు తెస్తుంది. టేకుకు ఆ బాధ తక్కువ. దూలం కోయించినప్పుడు తాతకు ఇదంతా తెలుసో లేదో గానీ, మంచి చెక్కే పడింది.

సొరుగులు బిగుసుకుంటే ఏం చేస్తాం? చిత్రిక పడతాం. ఎప్పుడు? వానకాలంలో, బిగుసుకున్నప్పుడే కదా! అక్కడే తప్పు జరుగుతుంది. మన నల్లగొండ ఎండ ఎలాంటిదో చెప్పాలా? ఎండాకాలం చెక్క ఎండి సన్నబడుతుంది, వానకాలం ఉబ్బుతుంది. పొడవునా పెద్దగా మారదు, అడ్డంగా మారుతుంది. శ్రావణంలో చిత్రిక పట్టిన సొరుగు వైశాఖంలో గలగల ఊగుతుంది. కాబట్టి ఎండాకాలం దాకా ఆగండి. అప్పుడు కూడా బిగుతుగా ఉంటే అప్పుడు పట్టండి. ఈలోపల సొరుగు అడుగు అంచుకు కొవ్వొత్తి రుద్దండి. నూనె వద్దు, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది.

దీంట్లో రెండు సొరుగుల అడుగు పలకలు నిలువునా పగిలాయి. ఎందుకు పగిలాయి? ఆ తర్వాత బాగుచేసినవాళ్లు పలకను గాడిలో జిగురుతో అతికించారు. అది గాడిలో వదులుగా ఉండి, ఎండకు సన్నబడి వానకు ఉబ్బుతూ తన ఊపిరి తాను తీసుకోవాలి. కట్టేస్తే పగులుతుంది. జిగురు తీసి, పగులును సరేసుతో కలిపి, గాడిలో ఊరికే దోపాను.

వెనక మూల ఒకటి చెదలు తిన్నది. తిన్నంత మేరకే కోసి, పాత టేకు ముక్క అతికించాను. బయట రంగు కలిపాను, లోపల కలపలేదు. అతుకు అతుకులాగే కనబడుతుంది, దాని పక్కన పెన్సిల్‌తో తేదీ వేశాను. ఒక పిడి పోతే లేత్ మీద ఇత్తడిది తీసి బిగించాను, దాని వెనక చిన్న పంచ్ చుక్క ఉంటుంది. ఏది పాతదో ఏది నాదో చూసేవాళ్లకు తెలియాలి.

చివరిది ఫెల్ట్. ఏడింటిలో మూడు పురుగు కొట్టి పోయాయి, నాలుగు బాగానే ఉన్నాయి. పోయిన మూడే మార్చాను. గుడ్డ ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. హార్మోనియం బాగుచేసేవాళ్ల దగ్గర దొరుకుతుంది, ఉన్ని ఫెల్ట్ వాళ్లే వాడతారు. మైదా పిండితో అతికించొద్దు, బొద్దింకలూ పురుగులూ దానికోసమే వస్తాయి. రబ్బరు జిగురు వద్దు, మళ్లీ ఊడదు. సరేసు చిక్కగా చేసి చెక్కకు పూయండి, గుడ్డకు పూయొద్దు. కొంచెం ఆరి వేలికి అంటుకునే పాకం వచ్చాక గుడ్డ పరిచి చేత్తో అదమండి. తొందరపడితే జిగురు గుడ్డలోంచి పైకి ఉబికి అట్టలా గట్టిపడుతుంది.

రెండో సొరుగు మాత్రం చూడండి. ఇది నేను మార్చనిది. వెలుతురుకు పట్టుకుంటాను, కనబడుతోందా? ఆకుపచ్చ గుడ్డ మీద ముదురు అచ్చు. విల్లులాగా వంగిన చట్రం, పక్కన గుండ్రటి పిడి. మైక్రోమీటర్. ఏళ్ల తరబడి అదే చోట పెట్టి తీసి, పెట్టి తీసి, దాని ఆకారం గుడ్డకు దిగిపోయింది. ఆ మైక్రోమీటర్ ఎక్కడికి పోయిందో మనవడికి తెలియదు, అవ్వకూ తెలియదు. నా దగ్గర సరిపోయేది ఒకటి ఉంది, పెడదామని ఒకసారి చేతిలోకి తీసుకున్నాను కూడా. పెట్టలేదు. ఆ చోటు ఖాళీగానే ఉంచాను.

నా మాటలు అయిపోయాయి. ఇప్పుడు ఐదుగురు ఐదుగురుగా ముందుకు వచ్చి చూడండి. ముట్టుకోవచ్చు, అందుకే తెచ్చాను. ఉంగరాలు, కడియాలు తీసి రండి. మూడో సొరుగును మాత్రం గట్టిగా లాగకండి, వానకు ఉబ్బి ఉంది.